చెరపొద్దు

గీలాంగ్‌లో ఇవాళ నలభై ఒకటి.
తారు రోడ్డు చెప్పుల్ని పట్టుకుని వదలడం లేదు.
చర్చి నుంచి రాగానే కర్టెన్లన్నీ దింపేసి
హాల్లోకి కాస్త చీకటి కూడబెట్టుకున్నాం.
పట్టుచీరలు మంచం మీద కుప్ప.
నైటీల్లో, బనియన్లలో, మెడకి తడి తువ్వాళ్ళు చుట్టుకుని
తొమ్మిది మందిమి నేల మీద.
బేసిన్లో ఐసు, ఐసు మీద రొయ్యలు,
బిస్కట్ల డబ్బాలో గులాబీ పువ్వులు.

సలోమి పిన్ని టేపు తెచ్చింది
పసిబిడ్డని అందించినట్టు, రెండు చేతులా.
దాని వీపు మీద బాబాయి రాత, వెలిసిన నీలం:
"క్రిస్మస్ సినిమా. చెరపొద్దు."

సినిమా పేరు మాకెవరికీ తెలీదు.
తొంభైల మొదట్లో ఒక పండగ రాత్రి
టీవీలో వస్తుంటే బాబాయి పరుగెత్తి మీట నొక్కేసరికి
పేర్లన్నీ దాటిపోయాయి.
అందుకే మాకు ఎప్పుడూ మంచుతోనే మొదలు.
నలుపు తెలుపుల మంచు.
లాంతరు పట్టుకున్న స్టేషన్ మాస్టారు,
ఒక కుంటి కుక్క,
ట్రంకు పెట్టె మీద కూర్చున్న ఆవిడ.
రావలసిన బండి రాలేదు.

టీ తాగుతారా అని ఆయన అడిగీ అడక్కముందే
పిన్ని ఇక్కణ్ణుంచి జవాబు చెబుతుంది:
"వద్దు నాయనా, కడుపులోనే రైళ్ళు తిరుగుతున్నాయి."
తెర మీద ఆవిడ అన్నది వట్టి థాంక్యూ.
తిర్జా చిన్నప్పుడు
ఆ రైళ్ళు సినిమాలోవే అనుకునేది.

మధ్యలో అడ్వర్టైజ్‌మెంట్లు కూడా దాటించం.
ఎప్పుడో మూతబడ్డ పరుపుల కొట్టాయన
నవ్వితే మేమూ నవ్వుతాం.
అతనూ చుట్టమే ఇప్పుడు.

చివర్లో దూరంగా కూత.
ఆవిడ లేచి నిలబడుతుంది.
స్టేషన్ మాస్టారు టోపీ తీసి
ఏదో చెప్పబోతాడు, పెదవులు కదులుతాయి,

అంతలో ధడేలున పచ్చిక. ఎండ.
మంచులోంచి తెల్లబట్టల బౌలరొకడు
మా మీదికే పరుగెత్తుకొస్తాడు.
మర్నాటి మెల్‌బోర్న్ టెస్టు మ్యాచి.
బంతి పడుతుంది, వికెట్లు గాల్లోకి లేస్తాయి.
చెరపొద్దని రాసినాయనే చెరిపాడు.

అక్కణ్ణుంచి మా సినిమా.
ఎవరి ముగింపు వాళ్ళు చెప్పాలి.
తిర్జా ఏడేళ్ళప్పుడు కుక్కని రైలెక్కించింది,
పదిహేడేళ్ళప్పుడు ఎవర్నీ ఎక్కించలేదు.
కార్ల ఫ్యాక్టరీ మూసేసిన ఏడాది
అన్నయ్య రైలునే రానివ్వలేదు.
బాబాయి వంతు వస్తే మాత్రం ఏటా ఒకటే మాట:
"నాటౌట్."
వికెట్లు మూడూ నేల మీద ఉండగా!
మేం దిండ్లు విసురుతాం.

ఈసారి తిర్జా మొగుడు లాకీ కొత్త.
ఊరి క్లబ్బులో కొత్త బంతి అతనిదే.
ఫోను తీసి రెండు నిమిషాల్లో పట్టేశాడు,
"ఇదిగో, మొత్తం సినిమా. చివరిదాకా ఉంది."

ఫ్యాను ఒక్కటే మాట్లాడింది కాసేపు.
బాబాయి తువ్వాలు తీసి మడతపెట్టాడు,
మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టాడు.

రొయ్య ఒలుస్తూ, తలెత్తకుండా, పిన్ని అంది:
"ముగింపు నేను చూశాన్లే.
ఆ రాత్రి మీరంతా నిద్రపోయారు, మేమిద్దరమే చూశాం.
ఈయనకి క్రికెట్ ఎక్కడిది?
ఎల్బీడబ్ల్యూ అంటే బ్యాంకు అనుకునే మనిషి."

ఆ యేడు పిన్ని ఆసుపత్రి నుంచి
వట్టి చేతులతో వచ్చిందని
మాకు చాలా తర్వాత తెలిసింది.
ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడ్డానికి
నాకు ఇంతకాలం పట్టింది.

లాకీకి తెలుగు రాదు.
తిర్జా చెవిలో ఏం చెప్పిందో, ఎంత చెప్పిందో.
ఫోను బోర్లా పెట్టాడు, బేసిన్ పక్కన.

"నీ వంతు" అన్నాడు అన్నయ్య.

సముద్రం వైపు నుంచి చల్లగాలి తిరిగినట్టుంది,
కర్టెను అంచు లేచి ఒక పట్టీ వెలుతురు
ఆగిపోయిన బొమ్మ మీద పడింది:
వంగిపోయిన బ్యాట్స్‌మన్, చెల్లాచెదురుగా వికెట్లు.
లాకీ దాన్ని చాలాసేపు చూశాడు,
ఆట తెలిసినవాడు చూసినట్టు.
ఆనక బాబాయి వైపు తిరిగి
అంపైరులా తల అడ్డంగా ఊపాడు.

"నాటౌట్."