ఆమె కూర్చున్న చోట్లు

బడి గోడకు కొత్త పటం తగిలించి వెళ్లాడు
ప్వెర్తో మోంత్ నుంచి వచ్చిన ఆఫీసరు.
నాలుగు గళ్లు. ఒక్కో గడిలో ఆరేళ్లు.
పొయ్యి గొట్టం బాగుచేయడానికెళ్లి
నిచ్చెన మీంచి చదివాను,
కళ్లద్దాలు లేకుండా ఆనినంత మేర.

నా పడవలో గళ్లు లేవు, చెక్కబల్లలున్నాయి.
ఇరవై మూడేళ్లుగా ఈ చిలోయె దీవుల మధ్య
బడిపిల్లల్ని దాటిస్తున్నాను.
వాళ్ల దగ్గర చార్జీ తీసుకోను.
సర్కారు ఇస్తుంది, ఇచ్చినప్పుడు.

నయదెత్ మొదటిసారి ఎక్కింది
వాళ్లమ్మ ఇర్మా కడుపులో.
అలకూ అలకూ మధ్య నొప్పులు లెక్కపెడుతూ
ఆస్పత్రి రేవు దాకా ఇర్మా నా చెయ్యి వదల్లేదు.
ఒంటిచేత్తో నడిపాను.

తర్వాత ఒళ్లో. ఉన్ని దుప్పట్లోంచి ముక్కొక్కటే బయటికి.
దొరికిందల్లా నోట్లోకే:
తాడు కొస, నా టోపీ అంచు, ఒకసారి బతికున్న పీత కాలు.
ఉప్పంటే ఏమిటో ఆమెకెవరూ పాఠం చెప్పలేదు.

మూడేళ్లకు "నేనే" అనే మాట చేజిక్కింది.
లైఫ్ జాకెట్ గుండీలు నేనే. రేవుకు తాడు నేనే.
ఒక్క ముడికి పదకొండు నిమిషాలు.
పడవంతా గొణిగింది. నేను ఆగాను.
అంత మంచి పని మళ్లీ చేశానో లేదో.

ఏడేళ్లకు ఇంజను పక్కకు చేరింది.
సముద్రం ఎంత లోతు, ఎవరు దిగి కొలిచారు,
చచ్చిన తిమింగలం ఎటు పోతుంది,
ఆ హంసకు మెడ నల్లబడిందా, ఒళ్లు తెల్లబడిందా,
దేవుడికి ఈతొచ్చా?
తెలీదమ్మా, అన్నాను. తెలీదమ్మా.
నా తెలీదులన్నీ నోటుబుక్కులో రాసుకుని
టీచరు దగ్గరికి మోసుకెళ్లేది.

పదమూడో ఏట
వెనక బల్ల మీద, అందరికీ వీపు పెట్టి,
పడవ వదిలిన నురగను చూస్తూ.
పలకరిస్తే ఊఁ. ఆలుగడ్డ రొట్టె ఇవ్వబోతే అక్కర్లేదు.
పటంలో ఈ గడికే రంగు వేశారో గుర్తులేదు.
ఒక్క జులై వానలో మాత్రం
కొత్తగా బడికెళ్తూ ఏడుస్తున్న లాసారో కొడుకుని
మారుమాట లేకుండా తన కోటులోకి లాక్కుంది.
వీపు అటే ఉంది.

పదహారుకు చుక్కాని అడిగింది.
"చెయ్యి తియ్యలేదుగా?" అంది సుడి దగ్గర.
"తియ్యలేదు" అన్నాను,
అప్పటికే రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని.

ఆపైన వల్దీవియాలో చదువు.
నాలుగేళ్లు ఆమె చోటు ఖాళీ.
ఖాళీ అంటే, బస్తాలు పెట్టాం.

మొన్న మార్చిలో, బళ్లు తెరిచిన రోజు,
రేవులో నిలబడి ఉంది, సీసాల పెట్టెతో.
నీళ్లలో విషం ఎంతుందో కొలిచే ఉద్యోగమట.
ఎక్కి, ఎక్కడ కూర్చోవాలో తోచక
ఒక్క క్షణం తచ్చాడింది.
అప్పుడు జేబులోంచి చార్జీ తీసింది.

వద్దు అనబోయాను. నాలుక చివరిదాకా వచ్చింది.
ఆ ముఖం చూసి మింగేశాను.
తీసుకున్నాను.
చిల్లర తిరిగిచ్చాను, ఒక్క పెసో తగ్గకుండా.
ఆమె కూడా
లెక్కపెట్టుకుంది.