నూనె కాగే దూరం

నాలుగూ పది.
కావలి ట్రంకురోడ్డు మీద టీ అంగడి వాడు
ఇంకా పాలు పొంగించలా.
తాళంచెవి సగం తిప్పి ఆగుతా.
పసుపు లైటు వెలిగి, ఆరేదాకా
ఊపిరి బిగబట్టేది బండి కాదు, నేను.

ఇండికా డీజిలు. నాకంటే ముందు ముగ్గురి చేతుల్లో నలిగింది.
ఒక దగ్గు, ఇంకో దగ్గు,
వెనకాల తెల్లటి పొగ.
గేరు కడ్డీ పట్టుకుంటే అరచేతిలో వణుకు.

"ఎంతసేపు నిలబెట్టి కాగబెట్టాల భాయ్?" అని
కొన్న కొత్తలో కాలేషాను అడిగినా.
బానెట్టు కింద నుంచి తల ఎత్తకుండానే అన్నాడు:
"నిలబెడితే కాగేది డీజిలు ఖర్చే.
బీడీ ముట్టించేంతసేపు చాలు,
తర్వాత మెల్లంగా పోనీ. నడిస్తేనే ఒళ్లు వేడెక్కేది.
ఆ ముల్లును మాత్రం నమ్మబాక.
అది నీళ్ల మాట చెప్తాది. నీళ్లు తొందరగా కాగుతాయి.
అడుగున నూనె ఉండాదే,
అది మనసు మార్చుకునేదానికి ఇంకో పది మైళ్లు పడతాది."

మంగళ, గురు, శనివారాలు.
జనతాపేట సందు మొగదల వజ్రమ్మ
స్వెట్టరు మీద తువ్వాలు కప్పుకుని నిలబడుంటాది,
ఒక చేతిలో ఫైలు, ఒక చేతిలో ఇడ్లీ డబ్బా.
నెల్లూరు ఆసుపత్రిలో ఆరున్నరకి మంచం ఆమెది.
నాలుగ్గంటలు రక్తం బయటికొచ్చి
స్నానం చేసి మళ్లీ లోపలికి పోతాది.
రొయ్యల కంపెనీలో, ఐసు నీళ్లలో
పంతొమ్మిదేళ్లు తలకాయలు వలిచిన వేళ్లు
సీటు బెల్టు కోసం నాలుగుసార్లు తడుముకుంటాయి.

ముసునూరు టోలుగేటు దాకా మాటల్లో నీళ్లే.
"చలి ఎక్కువైంది గదా." "అవునక్కా."
"నీ పిల్లోడు బడికి పోతుండాడా?" "పోతుండాడు."
ముల్లు లేచి మధ్యకొచ్చి కూర్చుంటాది.
నేను నలభై దాటను.
లారీలు హారన్లు కొట్టి, తిట్టి, ముందుకు పోతాయి.

బిట్రగుంట రోడ్డు దాటినాక
ఇంజను గొంతులో గరగర తగ్గతాది.
అప్పుడు మొదలుపెడతాది ఆమె.
"శనివారం నా పక్క మంచం ఖాళీగా ఉండింది అబ్బయ్యా.
కోట నుంచి వచ్చేవాడు, పొట్టి మనిషి, నవ్వుతా ఉండేవాడు.
ఎవురూ ఏం చెప్పలా. దుప్పటి మార్చినారు, అంతే."

ఒకసారి ఎడమచెయ్యి చాపింది,
మోచేతి కింద తాడులా ఉబ్బిన నరం.
"పట్టుకుని చూడు, నా ఇంజను."
వేళ్ల కింద జరజరా వణుకు,
గేరు కడ్డీలో ఉండే వణుకే.
దగదర్తి దాకా నాకు మాట రాలా.

మొన్న కార్తీకంలో, వాన రాత్రి,
రెండు గంటలప్పుడు వాళ్ల పిల్ల ఫోను:
"అమ్మకు ఊపిరి ఆడటంలా."
పసుపు లైటు ఆరేదాకా ఆగలా.
బీడీ లేదు, నడక లేదు.
చల్లటి ఇంజనును తొక్కిపట్టి
జనతాపేటలోనే మూడో గేరు,
టోలుగేటుకి ముందే తొంభై.
నూనె ఇంకా అడుగున బెల్లప్పాకంలా పడుండాదని తెలుసు.
ఇనుము ఇనుమును కొరుకుతుండాదని తెలుసు.
తెలిసే తొక్కినా.
పెన్నా బ్రిడ్జి మీద
వెనక సీట్లో నుంచి ఆమె చెయ్యి నా చొక్కా పట్టుకునుంది.
అది వదలకపోతే చాలనుకున్నా.

ఆమె బతికింది.
ఇంజను పైభాగాన టిక్కు టిక్కు మొదలైంది.
కాలేషా స్క్రూడ్రైవరు కొన ఇనుముకి, పిడి చెవికి ఆనించి విన్నాడు.
తిట్టబోయినోడు నా మొహం చూసి ఆగినాడు.
"నూనె మారుస్తా. శబ్దం మటుకు పోదు."

గురువారం, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు ఆమె అడిగింది,
"ఈ టిక్కు ఆ రాత్రిదే గదా?"
"పాత బండక్కా," అన్నా.
ఆమె కాదనలా. నమ్మనూ లేదు.

ఈరోజు ఆమే ట్రంకురోడ్డు దాకా నడిచొచ్చింది.
ముందు సీట్లో కూర్చుని, నేను తాళంచెవి సగం తిప్పంగానే
డాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించింది,
బిడ్డ నుదురు చూసినట్టు.
లైటు ఆరింది. బండి దగ్గింది.
"తొందరపడబాక," అంది,
"మంచం యాడికీ పోదులే."