సదరు

చేరి పదకొండో రోజు.
బూట్లు ఇంకా నా కాళ్లని నమ్మలేదు.
మడమ మీద పొక్కు చితికి
సాక్సు అంటుకుపోయింది.
టోపీ తీస్తే నుదుటి మీద గీత,
ఇంటికెళితే అమ్మ దాన్ని వేలితో రుద్ది చూస్తుంది
పోతుందేమోనని.

గజపతినగరం స్టేషన్లో మధ్యాహ్నం మూడు.
ఎస్సై గారు బందోబస్తుకి వెళ్లారు.
వాకీటాకీ తనలో తను గొణుక్కుంటోంది.
లాకప్ ఖాళీ, అందులో ఎవరిదో సైకిలు.
ఏ తాళం ఏ తలుపుదో నాకింకా తెలీదు,
అడిగితే నవ్వుతారని
గుత్తి చప్పుడు కాకుండా పట్టుకు తిరుగుతున్నాను.

ఆవిడ వచ్చింది. రాగానే దండం పెట్టింది.
ఎవరికా అని వెనక్కి తిరిగి చూశాను.

చేతుల నిండా గోగునార ఊరిన నీటి కంపు.
కూర్చోమంటే కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది.
పేరు?
"తవిటమ్మ.
నా ముందోళ్లు ముగ్గురూ దక్కలేదు.
అందుకని పుట్టగానే నన్ను పక్కింటోళ్లకి ఇచ్చీసి
తవుడు పోసి మళ్లీ కొనుక్కున్నారమ్మా."
పేరు గడిలో అంత చోటు లేదు.
తవిటమ్మ, అని రాశాను.

మేక పోయింది.
"కర్రిది. సెవి కాడ సున్నం బొట్టంత తెలుపు.
నాను దగ్గితే అదీ దగ్గుద్ది.
నార కడగడానికి గెడ్డలో దిగితే
గట్టు మీద నిలబడి నన్నే సూత్తాది,
ములిగిపోతానని దాని బెంగ.
నిన్న పొద్దుగూకి పైకొచ్చీసరికి గట్టు కాళీ.
మానాపురం సంతకి తోలీసినారో ఏటో.
ఒలమ్మా, నానేటి సేసేది!"

హెడ్డు దాలినాయుడు గారు నా భుజం మీంచి వంగారు.
"దగ్గులూ గిగ్గులూ కాదమ్మా.
సదరు అని మొదలెట్టు."
అట్ట వెనక నుంచి పాత నమూనా తీసిచ్చారు,
మడతల దగ్గర చిరిగి, టేపు వేసి ఉంది.
ముప్పై ఏళ్లుగా ఎవరి ఏడుపైనా
ఆ కాగితం చూసే రాశారట.

రాశాను.
సదరు ఫిర్యాది తెలియజేయునది ఏమనగా
నల్లరంగు ఆడ మేక ఒకటి, వయసు సుమారు రెండేళ్లు,
విలువ సుమారు తొమ్మిది వేలు,
నిన్నటి దినం సాయంత్రం సుమారు ఆరు గంటలకు
గుర్తు తెలియని వ్యక్తులచే.
సుమారు మూడుసార్లు వచ్చింది.
ఆవిడ చెప్పినదాంట్లో ఒక్కసారీ లేదు.

చదివి వినిపించాలి, అది రూలు.
పరేడ్ గ్రౌండ్ గొంతుతో చదివాను.
తెలియని ఊరి బస్సు పేరు వింటున్నట్టు
తల పక్కకి వంచి విని
"ఇది నా మేక కాదమ్మా" అంది తవిటమ్మ.
"ఎవులిదో. ఆళ్లదీ పోనాదేటి, పాపం."

హెడ్డు గారు నవ్వారు. నేనూ నవ్వబోయాను.
ట్రైనింగ్‌లో ఒకసారి నోరుజారి "నాను" అన్నందుకు
మైదానం చుట్టూ నాలుగు రౌండ్లు పరిగెత్తించారు.
అయిదో రౌండుకి నేను, నేను అనుకుంటూ
ఎవరూ చెప్పకుండానే పరిగెత్తాను.
అప్పట్నుంచీ మా అమ్మమ్మతో కూడా
పుస్తకంలా మాట్లాడుతున్నాను.

ఆనవాళ్లు అన్నచోట ఒక లైను ఖాళీ ఉంది.
సదరు మేక, ఫిర్యాది దగ్గిన యెడల తానూ దగ్గును.

హెడ్డు గారు కళ్లజోడు పైకి తోసి చదివారు.
పెన్ను టోపీ తీశారు, పెట్టారు, మళ్లీ తీశారు.
"ఎస్సై గారు అడిగితే నేను చూళ్లేదు"
అని స్టాంపు కొట్టారు.
తవిటమ్మ వేలిముద్ర తడికి అలుక్కుపోయి
రెండోసారి వేయించాం.

సంతనాడు నన్నే పంపారు మానాపురం.
లాఠీ చూసి బేరగాళ్లు జరిగారు.
ఒకడు తాడు వదిలేసి టీ కొట్టు వెనక్కి పోయాడు,
వాడి మొహం గుర్తుపెట్టుకోవాల్సిందని
తర్వాతెప్పుడో తోచింది.
మేకలు మాత్రం జరగలేదు.
ఎన్ని కర్రివో. సగం వాటికి
చెవి దగ్గర ఏదో ఒక తెలుపు.

అటూ ఇటూ చూశాను.
ఛాతీ మీది పేరు, వై. పుణ్యవతి,
దానికి అరచెయ్యి అడ్డం పెట్టి
దగ్గాను.

మంచినీళ్లు కావాలా మేడమ్, అన్నారెవరో.

మళ్లీ దగ్గాను.