పదిహేడో నంబరు

ముప్పై ఒక్క ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో
త్బిలిసీ మాటలన్నీ నా వేళ్ళ మీదుగా నడిచి వెళ్ళాయి.
చెవిన పడ్డవేవీ నోరు దాటనివ్వలేదు.
అలాంటి దాన్ని,
డెబ్భై రెండో ఏట కంప్యూటర్ కొనుక్కున్న మొదటి రాత్రే
ఎవరింట్లోకో తొంగి చూసినట్టు
సిగ్గుపడి మూసేశాను.

తెర మూలన విసనకర్రలాంటి బొమ్మ నొక్కితే
పన్నెండు పేర్లు.
నాది ఒకటి, కంపెనీ వాళ్ళు తగిలించిన అంకెల తోక.
మిగతా పదకొండూ ఎవరివి?
నా ఇంట్లోకి చెప్పులైనా విప్పకుండా
ఎలా వచ్చి నిలబడ్డాయి?

కింది వీధి జాబాని పిలిచాను.
"వీటిని తీసెయ్ నాయనా."
"తీయడానికి లోపల లేవు, త్సియాలా అత్తా.
గోడల్లోంచి వస్తున్నాయి."
"మరి నాదో?"
"మీదీ వాళ్ళకి కనిపిస్తుంది."
అక్రోటు మురబ్బా రెండు చెంచాలు తిని
డబ్బు వద్దని వెళ్ళిపోయాడు.
ఆ చివరి మాటకే నాకు నిద్ర పట్టలేదు.

గోడలకి చెవులుంటాయని తెలుసు,
ఆ చెవుల్లో ఒకటిగా జీతం తీసుకున్నదాన్ని.
గోడలు నోరు విప్పి
పేర్లు చెప్పుకోవడమే కొత్త.

'నర్గీజా ఇల్లు' నాలుగో అంతస్తు.
'పావురాలు' అంటే తొమ్మిదిలో మల్ఖాజ్,
మేడ మీద గూళ్ళు అతనివే.
'ఏడో అంతస్తూ, డ్రిల్లు ఆపు' అని ఒకటి.
రెండ్రోజులకి దాని కింద మొలిచింది
'ఆరో అంతస్తూ, వయొలిన్ ఆపు.'
మెట్ల మీద ఎదురైతే మాత్రం
ఇద్దరూ తల వంచి నమస్కారాలు.

పొరుగింటి పుల్లకూర సంగతేమో గానీ
పొరుగింటి సిగ్నల్‌కి నిండుగా మూడు గీతలు,
నాకు ఒకటిన్నర.
అయినా తాళం ఉన్న తలుపు తట్టలేదు.
పడుకోబోయే ముందు ఒకసారి పేర్లు చదువుకునేదాన్ని,
అంతే.

ఫిబ్రవరి గాలికి కరెంటు పోయింది.
పన్నెండూ ఒక్కసారే ఆరిపోయాయి.
తెల్లవారుజామున ఒక్కొక్కటే తిరిగొచ్చాయి,
డ్రిల్లు, వయొలిన్, నర్గీజా...
పదకొండు.
మధ్యాహ్నానికీ పదకొండే.

లిఫ్టు డబ్బాలో నాణెం వేశాను.
తొమ్మిదో అంతస్తు దాకా అది గొణుగుతూనే ఉంది.
మల్ఖాజ్ తలుపు తీశాడు, స్వెటర్ నిండా ఈకలు.
చలికి ముడుచుకున్న పావురం పిల్ల
అట్టపెట్టెలో దీపం కింద పడుకుని ఉంది.
ఉన్నది ఒక్కటే ప్లగ్గు,
అందుకే నెట్టు పీకేశాడట.

ఇంటికొచ్చి పొడుగాటి వైరు పట్టుకెళ్ళాను.
బల్ల కింద మోకాళ్ళ మీద కూర్చుని
రెండు తీగలూ రెండు కన్నాల్లో కుదిర్చాను.
ఎన్నాళ్ళయిందో ఈ వేళ్ళు
ఎవరినైనా ఎవరికైనా కలిపి!

"ఆ అంకెల పేరు మీదా?" అన్నాడు.
"ఎవరో కొత్తగా దిగారనుకున్నాను."

కొత్తగానా!
నలభై నాలుగేళ్ళుగా రెండో అంతస్తులో ఉన్నాను.
కోపం రాలేదు. కొంచెం వచ్చింది.

ఆపరేటర్‌కి ఆ రోజుల్లో పేరుండేది కాదు.
ఫోను ఎత్తగానే పలికే ముక్క ఒకటుండేది.
జాబా చేత అదే రాయించాను,
'పదిహేడో నంబరు, చెప్పండి.'

వారం దాకా ఏమీ లేదు.
నిన్న రాత్రి చదువుతుంటే
ఆరో అంతస్తు పేరు మారి ఉంది,
'పదిహేడు గారూ, ఏడుకి ఒకసారి కలుపుతారా?'