నలభై ఒకటో మెట్టు

మూడో మాత్ర కూడా పని చెయ్యలేదని
డాక్టర్ ఇతుర్రాకి చెప్పాను.
నోరు ఎండిపోయింది, నాలుగు కిలోలు పెరిగాను,
పేపర్లో అక్షరాలు అలుక్కుపోయాయి.
నొప్పి మాత్రం అద్దె ఎగ్గొట్టినవాడిలా
లోపల గడియ పెట్టుకుని కూర్చుంది.
కుర్రవాడు, పాపం. కలం మూత తీశాడు, పెట్టాడు.
"రక్తం బాగుంది, ఎముకలు బాగున్నాయి, ఎదెల్మీరా గారూ"
అన్నాడు, తప్పు తనదైనట్టు.
బాగున్నవాటి జాబితా చేత పట్టుకుని
ఇక నేను కొండెక్కాలి.

వల్పరైసోలో ఇల్లంటే పైనే.
రేవు నుంచి మా గుమ్మానికి నూట అరవై మూడు మెట్లు.
కొండ మీదికి లాగే తీగబండి ఆగిపోయి ఆరేళ్ళు.
త్వరలో బాగు చేస్తామని బోర్డు పెట్టారు,
బోర్డుకీ తుప్పు పట్టింది.

ఎలా ఉంటుంది నొప్పి, అంటారు.
ఇరవై రెండేళ్ళు హోటల్లో దుప్పట్లు ఉతికినదాన్ని,
నాకు తెలిసిన పోలిక ఒక్కటే.
తడి దుప్పటిని ఇద్దరు చెరో కొస పట్టి పిండుతారు చూడండి,
చివరి చుక్క రాలాక కూడా
వాళ్ళు ఆపకపోతే?
కొన్ని రోజులు రవిక కుట్టు కూడా బరువే.
మనవరాలు భుజం మీద చెయ్యి వేస్తే
ముందు ప్రేమ తగులుతుందో మంట తగులుతుందో
చెప్పలేను.
అది చెయ్యి తియ్యదు. నేను తియ్యమనను.

గోధుమలు కిలోన్నర, పాత దిండు గలీబు.
లాండ్రీలో నా జోడీ రొసావ్రా నేర్పింది:
సంచీ కుట్టి, పొయ్యిలో వెచ్చబెట్టి, మెడ కింద పెట్టుకో.
మందు కాదు. మందని ఎవరితోనూ అనను.
ఇరవై నిమిషాలు రొట్టె వాసన, అంతే.
ఆ ఇరవై నిమిషాలూ మెడ నాది.

ఇంకొకటి దెబ్బ తిని నేర్చుకున్నాను.
ఒళ్ళు తేలిగ్గా ఉందని కిటికీలన్నీ తుడిచేస్తే
తర్వాత మూడు రోజులు
ఆ మెరిసే అద్దాల్లోంచే ఆకాశం చూస్తూ పడుండాలి.
ఇప్పుడు రోజుకో కిటికీ.
రెండోది మురికి మొహంతో నావైపు చూస్తుంది.
చూడనీ.
"నువ్వు చిన్నప్పట్నుంచీ సుకుమారమేగా" అని
చెల్లెలు బెర్నార్దా మొదలెడితే
ఫోను పెట్టేస్తాను. ఇది ఏ డాక్టరూ రాసివ్వలేదు.

ఏప్రిల్లో, చలి దిగుతున్న సాయంత్రం,
నలభై ఒకటో మెట్టు దగ్గర
గోడ పట్టుకుని నిలబడిపోయాను.
నికనోర్ గారు గేటులోంచి చూశారు. ఏమీ అడగలేదు.
మర్నాటికి అక్కడో కుర్చీ.
ఆకుపచ్చ వంటింటి కుర్చీ, ఊగకుండా
ఒక కాలి కింద చెక్కముక్క కొట్టి,
దొంగలెత్తుకుపోకుండా దీపస్తంభానికి గొలుసు వేసి.
రెండు రోజులు దాని పక్కనుంచే వెళ్ళిపోయాను,
పళ్ళు బిగబట్టి. అంత పొగరెందుకో.
మూడో రోజు కూర్చున్నాను.

కింద రేవులో క్రేను ఒక పెద్ద పెట్టెను ఎత్తి
గాల్లోనే ఆపేసింది. నడిపేవాడు టీకి వెళ్ళాడేమో.
అంత బరువూ
ఎక్కడికీ చేరకుండా, ఎవరి మీదా పడకుండా
వేలాడుతోంది.

ఇప్పుడా కుర్చీ ఎప్పుడోగాని ఖాళీ ఉండదు.
గ్యాసు బండలు మోసే పిల్లాడు, మూలింటి నిండు చూలాలు,
కింద నీడలో ఎవరిదో కుంటి కుక్క.
నిలబడి గొణుక్కుంటాను. ఆ పిల్లాడు లేస్తాడు.
వాడికీ నడుము నొప్పే,
వాడి నొప్పి ఎక్స్-రేలో కనిపిస్తుందట, అదృష్టవంతుడు.

నాలుగో మాత్ర చీటీ సంచీలో ఉంది.
వేసుకుంటాను. వేసుకోనని ఎవరన్నారు?
రొట్టెలింకా వేడిగానే ఉన్నాయి ఒళ్ళో.
పైన నూట ఇరవై రెండు మెట్లు.
పెట్టె ఇంకా గాల్లోనే.
వాణ్ణి టీ తాగి రానీ.