ఖాళీ గడి

సంతపేటలో పన్నెండేండ్లు పార్టీ జెండా మోసినాను.
గోడలకు మైదా పూసి పోస్టర్లంటించిన చేతులివి.
ఆదివారం ఇవే చేతులు
గుడిలో కానుక సంచి పట్టుకుంటాయి.

ఈసారి మా వార్డు ఎస్సీ మహిళకని తేలింది.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు కాడ దొరస్వామన్న
బుల్లెట్ ఇంజను ఆపకుండానే చెప్పినాడు:
"టికెట్టు నీదే రూతక్కా.
సర్టిఫికెట్టులో మతం దగ్గర ఒక్క మాట రాసెయ్.
అంతే."

అంతే.
ఇంకు చుక్కంత మాట.
మా నాయన బాప్తిస్మం నాడు నీవా నదిలో
మోకాటి లోతు నీళ్లు కూడా లేక
ముసలి అయ్యగారు చెంబుతో పోసినారంట.
ఆ చెంబు నీళ్లు తుడిచేయాల, ఒక్క గీతతో.

పాస్టరుగారిని అడిగితే
"అందరూ రాస్తానే ఉండారు కదమ్మా" అని
కళ్లద్దాలు తుడుచుకుంటా కూర్చున్నాడు, ఎంతసేపో.

నేనూ కడిగిన ముత్యమేం కాదు.
రేషన్ కార్డులో నేను సుగుణమ్మనే.
పెద్దోడు పాలిటెక్నిక్ చదివింది ఆ కాగితం మీదనే.
స్కాలర్‌షిప్పు పడిన రోజు
మోకాళ్లూని స్తోత్రం చెప్పినాను,
ఏ అబద్ధం మీద వచ్చిందో మాత్రం చెప్పలేదు.

అయినా ఒక మాట అడుగుతా.
బైబిలు పట్టుకున్నంత మాత్రాన
మా పుట్టింటి ఊర్లో టీ కొట్టు గ్లాసు మారలేదే!
గ్లాసు మారనిది, కాగితం మాత్రం
నన్ను మారిపొమ్మంటుంది.

మూడు రాత్రులు నిద్ర లేదు.
కాలవ కంపు కిటికీలోంచి వస్తానే ఉంది.
నేను నిలబడకపోతే అవతలి పార్టీ కాంట్రాక్టరు
తన ఇంట్లో అంట్లు తోమే పిల్లను గెలిపించి
సంతకాలు తానే పెట్టుకుంటాడు.
నా ఒక్కదాని నిజాయితీకి
ఈ వీధిలో ఎవరి బిడ్డకు జ్వరం రావాల?

నాలుగో రోజు, గడి ఖాళీగానే కాగితం తిరిగిచ్చేసినా.
"మునెమ్మను పెట్టన్నా.
మున్సిపాలిటీలో చీపురు పట్టి రిటైరైన మనిషి,
ఏ మురుగు ఏ మలుపులో ఆగుతుందో ఆమెకు తెలుసు.
జెండా నేనే మోస్తా.
డబ్బు కవర్లు మాత్రం నా సంచిలో పెట్టొద్దు."

దొరస్వామన్న నవ్వినాడు.
ఒప్పుకున్నాడో లేదో ఆ నవ్వులో తెలీలేదు.
బండి మురకంబట్టు వైపు పోయింది.

ఇంటికొచ్చి రేషన్ కార్డు తీసి
స్టవ్ పక్కన పెట్టినా.
సుగుణమ్మ నన్నే చూస్తా ఉంది.

చిన్నోడి అడ్మిషను జూన్‌లో.