పదమూడో ముక్కకి పేరు లేదు

బోరా గాలి మొదలై ఇది మూడో రాత్రి.
త్రియెస్తేలో కిటికీ రెక్కలన్నీ ఏడుస్తున్నాయి,
మావి మాత్రం తాడుతో కట్టేశాను.
కింద వీధిలో ఎవరిదో గొడుగు, ఎవరిదో చెత్తబుట్ట
ఒకదాన్నొకటి తరుముకుంటూ రేవు వైపు పోతున్నాయి.
వంటగది బల్ల తుడిచి
మేనత్త యోలాండా ఇచ్చిపోయిన టారో ముక్కలు పరిచాను.

డెబ్బై ఎనిమిది ఉండాలి, ఉన్నవి డెబ్బై ఏడు.
కప్పుల రెండు ఏ యుద్ధంలోనో పోయిందట.
దాని బదులు అత్త
కొండ మీది ఓపిచినాకి వెళ్ళే ట్రాము టికెట్టుని
అట్టకి అంటించి, అదే కొలతకి కత్తిరించి పెట్టింది.
కలిపేటప్పుడు వేలికి వెంటనే తెలిసిపోతుంది
అది, కాస్త గరుగ్గా.

రాబోయేది నేను అడగను.
రాబోయేది డాక్టరు చెప్పేశాడు,
ఫిల్ముని దీపానికి ఎత్తిపట్టి,
దువీలియో ఊపిరితిత్తుల చుట్టూ
నారింజ తొక్కలా మందమైన తెలుపుని
పెన్సిలు మొనతో చూపించి.

మోన్‌ఫాల్కోనే ఓడల కార్ఖానాలో ముప్ఫై ఒక్క ఏళ్ళు
గొట్టాలకి ఆస్బెస్టాస్ చుట్టాడు.
సాయంత్రం ఇంటికొస్తే భుజాల మీద మంచు పడ్డట్టుండేది.
గుమ్మంలో నిలబెట్టి నేనే దులిపేదాన్ని.
నవ్వుతూ దులిపేదాన్ని.

పక్కింటి మిల్కా ఆదివారాలు తప్పని మనిషి.
"బొమ్మలతో సైతాన్ని పిలుస్తున్నావు ఓందీనా" అంటుంది.
ఈ గాలిలో నాలుగంతస్తులు ఎక్కాలంటే
వాడికి మోకాళ్ళు పట్టేస్తాయిలే అన్నాను.
మర్నాడు బీన్స్ సూపు గిన్నె బల్ల మీద పెట్టి
వెళ్ళిపోకుండా అక్కడే కొంగలా నిలబడింది.
"నాకూ ఒకటి తియ్యి."
సన్యాసి వచ్చాడు, లాంతరు ఎత్తిన ముసలివాడు.
చాలాసేపు చూసి,
"ఇందులో నూనె ఎవరు పోస్తారో?" అంది.
పోయిన ఏడాది మొగుణ్ణి పాతిపెట్టినప్పుడు కూడా ఏడవని మిల్కా
సూపు చల్లారేదాకా ఏడ్చింది.

నాకు మూడు వారాలుగా ఒకటే వస్తోంది.
పదమూడు.
కొడవలి పట్టిన ఎముకలవాడు.
అన్ని ముక్కల కిందా పేరు అచ్చేశారు,
వాడి కింద ఖాళీ.
వచ్చిన ప్రతిసారీ మధ్యలోకి దోపేసి
మళ్ళీ కలిపాను.
వంటగదిలో నన్ను చూసేవాళ్ళు లేరు,
అయినా దొంగలా దోపాను.

ఈ రాత్రి మళ్ళీ వాడే.

"ఏం వచ్చింది?"
పక్కగదిలోంచి, ఆక్సిజన్ బుసబుసల మధ్యనుంచి.
"నక్షత్రం" అన్నాను.
"అబద్ధమాడితే నీ గొంతు సన్నబడుతుంది. పట్రా."

కళ్ళజోడు పెట్టాను. దీపం దగ్గరికి జరిపాను.
ముక్కని తిప్పి తిప్పి చూశాడు,
వెల్డింగు అతుకుని చూసే చూపుతో.
"నేల మీద ఇవి తలకాయలా, గుమ్మడికాయలా?"
"తలకాయలే. ఒకదానికి కిరీటం కూడా ఉంది."
"మా ఫోర్‌మన్ అయ్యుంటాడు."
నవ్వబోయి దగ్గాడు.
దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది.
వీపు రాస్తూ కూర్చున్నాను.

తర్వాత, ముక్క మీంచి కళ్ళెత్తకుండా:
"ఆ చొక్కాలన్నీ నువ్వే దులిపేదానివి."
నా గొంతులో పచ్చి వెలక్కాయ పడింది.
"నీకు దగ్గేమైనా వస్తోందా?"
"లేదు."
"మళ్ళీ సన్నబడింది."

పదకొండు నెలలు
మందుల వేళలు మాట్లాడుకున్నాం, దుప్పట్లు, పింఛను కాగితాలు.
ఈ ఒక్క మాట అతని దిండు కింద
అతను, నా దిండు కింద నేను
దాచుకుని పడుకున్నాం.
ముక్క ఏమీ చెప్పలేదు.
మా ఇద్దరి మధ్యా, దుప్పటి మీద,
పేరు లేకుండా పడుకుంది అంతే.

"సోమవారం వెళ్ళి ఫిల్ము తీయించుకో. రాసుకో, మర్చిపోతావు."
చేతికందిన కాగితం వెనక రాశాను:
సోమవారం, ఎనిమిదిన్నర, రెండో అంతస్తు.
రాశాక తిప్పి చూస్తే
ఓపిచినా ట్రాము టికెట్టు.

అతను నిద్రపోయాడు. గాలి మాత్రం పడుకోలేదు.
ముక్కలు పోగేసి గుడ్డలో చుట్టాను.
కప్పుల రెండుని బయటే ఉంచాను,
చేతిసంచిలో, తాళంచెవుల పక్కన.